ఇంటి కుండకు ఓ లెక్క

ఒడిశాలోని గంజాం తీరంలో, గోపాలపూర్ ఒడ్డున తెల్లారకముందే పడవను అలల్లోకి తోసి, ఎండెక్కేవేళకు వల లాక్కొచ్చే మనిషికి రోజుకు ఎంత తిండి కావాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం, 65 కిలోల బరువుండి ఒళ్ళు వంచి కష్టపడే మగమనిషికి 3,470 క్యాలరీలు కావాలి. అదే ఇంట్లో కొడుకు బరంపురం వెళ్ళి ఏ కొట్లోనో కుర్చీలో కూర్చుని పనిచేస్తుంటే, అంతే బరువున్నా 2,110 చాలు. తేడా 1,360. బియ్యంగా చూస్తే 400 గ్రాములకు కాస్త తక్కువ.

తండ్రీ కొడుకులిద్దరికీ అన్నం ఒకే కుండలోంచి వస్తుంది. ఒకే హస్తంతో వడ్డిస్తారు. అమ్మ చేతికి తెలిసిన కొలత ఒకటే, అది కష్టపడే మనిషి కొలత. పని మారింది, వడ్డన మారలేదు. గంజాం తీరంలోనే కాదు, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రం పక్కన ఉన్న ఏ తెలుగింట్లో చూసినా ఇదే పరిస్థితి. పొలం వదిలి ఆఫీసుకు, మగ్గం వదిలి కంప్యూటరుకు వచ్చిన ఇళ్ళన్నిటిదీ ఇదే కథ.

‘ఇంటి వంటే కదా, ఏమవుతుంది’ అనే ధీమా మనకు ఎక్కువ. హోటల్లో తింటే తప్పు, ఇంట్లో తింటే ఆరోగ్యం అని నమ్ముతాం. శుభ్రత విషయంలో, కల్తీ విషయంలో ఆ నమ్మకం నిజమే. శక్తి లెక్కకు వస్తే మాత్రం పొయ్యికి హోటలుదో ఇంటిదో తెలియదు. బాండీలో నాలుగు గరిటెల నూనె పోస్తే అది ఎక్కడైనా నాలుగు గరిటెలే. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నట్టు భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఆధారంగా 2023లో అంచనా వేశారు. వాళ్ళందరూ రోజూ హోటళ్ళలో తినేవాళ్ళు కారు.

అందుకే ఇంటి వంటకు లెక్క కావాలి. అది ఎలా చెయ్యాలన్నదే చిక్కు. చాలామంది దాన్ని పళ్ళెం దగ్గర మొదలుపెట్టి నాలుగు రోజుల్లో విసిగిపోయి వదిలేస్తున్నారు. మొదలుపెట్టాల్సింది పొయ్యి దగ్గర, ఇంకా చెప్పాలంటే సరుకుల డబ్బాల దగ్గర.

ఏ గిన్నె, ఎవరి గిన్నె?

బిస్కెట్ ప్యాకెట్టు వెనక్కి తిప్పితే 100 గ్రాములకు ఎన్ని క్యాలరీలో అచ్చు వేసి ఉంటుంది. చేపల పులుసు కుండ వెనక ఏమీ ఉండదు. ఫోనులో ఏదో యాప్ తెరిచి ‘చేపల కూర, ఒక గిన్నె’ అని నొక్కితే ఒక అంకె వస్తుంది. ఏ గిన్నె? ఏ చేప? పులుసా, ఇగురా? కొబ్బరి పడిందా, ఆవ ముద్ద పడిందా? ఆ అంకె ఎవరి ఇంటిదో మనకు తెలియదు, మన ఇంటిది కాదని మాత్రం తెలుసు.

గోపాలపూర్ లాంటి చోట ఈ చిక్కు మరీ ఎక్కువ. ఇక్కడి మత్స్యకారులు తెలుగువాళ్ళు. వీళ్ళను ఒడియా ఇరుగుపొరుగువాళ్ళు నోలియాలంటారు. వాడబలిజలు, జాలర్లు తరతరాలుగా ఈ ఇసుక మీద బతుకుతున్నారు. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే బరంపురం వీధుల్లో ఇప్పటికీ ఇడ్లీ, ఉప్మా, గుగునీ ఒకే బండి మీద దొరుకుతాయి. ఇంట్లోనూ అంతే. పొద్దున సల్దికూడు, పక్కింటివాళ్ళకైతే పఖాళ. మధ్యాహ్నం చేపల పులుసు, ఒకరోజు పప్పుచారు, మరోరోజు కూరముక్కలు వేసిన దాల్మా. బరంపురం అప్పడాలు, వడియాలు, ఆవకాయ సరేసరి. ఇన్ని రకాలకు పట్టిక తయారుచేసి పెట్టిన యాప్ లేదు. ఉన్నా అది మన గరిటెకు సరిపోదు.

కానీ పద్ధతి ఉంది. అది మన హైదరాబాదు సంస్థదే.

కప్పులతో ఇల్లిల్లూ తిరిగినవాళ్ళు

1972లో జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్, ఒడిశాలతో సహా పలు రాష్ట్రాల్లో దాని బృందాలు ఊళ్ళ వెంట తిరిగి, జనం నిజంగా ఏం తింటున్నారో లెక్కగట్టాయి. వాళ్ళు వెంట తీసుకెళ్ళింది ముందే కొలిచిపెట్టిన గిన్నెలు, చెంచాల సెట్టు. పళ్ళెంలో ఉన్న అన్నం చూసి ఉజ్జాయింపుగా అంకె వెయ్యడం వాళ్ళ పద్ధతి కాదు. వంట చేసిన ఇల్లాలినే అడిగేవాళ్ళు. నిన్న బియ్యం ఎంత పోశావమ్మా, పప్పు ఎంత, నూనె ఎంత? వండాక మొత్తం ఎంత అయింది? అందులోంచి ఎవరికి ఎంత పెట్టావు?

లెక్క చాలా సులువు. కుండలో పడిన పచ్చి సరుకును, వండాక అయిన మొత్తంతో భాగించి, మనిషి తిన్న పాలుతో హెచ్చిస్తే అతను తిన్న పచ్చి సరుకు ఎంతో తేలుతుంది. పచ్చి సరుకుకు పట్టిక ఉంది. బియ్యం బియ్యమే, కందిపప్పు కందిపప్పే. వంటకాలు వేలు, సరుకులు పదులు. ఇంట్లో నెలకు వాడే సరుకులు ముప్పయ్యో నలభయ్యో ఉంటాయి. ఆ ముప్పయ్యీ తెలిస్తే ఏ వంటకమైనా తెలిసినట్టే.

ఆ పట్టిక వెనక కూడా పెద్ద చరిత్రే ఉంది. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి మీద చిన్న ప్రయోగశాల పెట్టాడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ ప్రయోగశాల డైరెక్టరుగా ఉన్న డబ్ల్యూ. ఆర్. ఆక్రాయిడ్ 1937లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల మీద తొలి పట్టిక ప్రచురించాడు. 1971లో సి. గోపాలన్, బి. వి. రామశాస్త్రి, ఎస్. సి. బాలసుబ్రహ్మణ్యం దాన్ని కొత్తగా రాశారు. 2017లో టి. లోంగ్వా బృందం దేశం నలుమూలల నుంచి నమూనాలు తెచ్చి 528 పదార్థాలకు సరికొత్త పట్టికలు వెలువరించింది. దంపుడు కాని మామూలు తెల్ల బియ్యానికి పాత పట్టికలో 100 గ్రాములకు 345 క్యాలరీలు, కొత్తదానిలో 356. ఇంట్లో లెక్కకు 350 అనుకుంటే సరిపోతుంది.

ఒక మధ్యాహ్నం, ఒక కుండ

అయిదుగురున్న ఇల్లు అనుకుందాం. బోటు పనికో రేవు పనికో వెళ్ళే తండ్రి, చేపల గంప తల మీద పెట్టుకుని తిరిగి అమ్మే తల్లి, 15 ఏళ్ళ కొడుకు, 10 ఏళ్ళ కూతురు, ఇంటి పట్టునుండే నానమ్మ. ఆదివారం మధ్యాహ్నం అన్నం, కానాగంతల పులుసు, పప్పు, బీరకాయ కూర, పెరుగు.

బియ్యం 750 గ్రాములు పోశారు. 2,625 క్యాలరీలు. శుభ్రం చేశాక చేప అరకిలో ఉంది. ఇలాంటి తాజా చేపలకు 100 గ్రాములకు నూరుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి 500. పులుసులో ఉల్లిపాయ, చింతపండు కలిపి 160. పప్పు 150 గ్రాములు, 510. బీరకాయ అరకిలో, మహా అయితే 120. పెరుగు 180. ఇక నూనె. పులుసులోకి 60 గ్రాములు, పప్పు పోపుకు 15, కూరలోకి 40. మొత్తం 115 గ్రాములు. నూనె గ్రాముకు 9 క్యాలరీలు, అంటే 1,035.

అంతా కలిపితే 5,130.

ఇందులో సగం అన్నం. అది ఎవరైనా ఊహిస్తారు. ఊహించనిది మిగతా సగంలో ఉంది. చేప, పప్పు, కూర, ఉల్లి, చింతపండు, పెరుగు అన్నీ కలిపినా 1,470 దాటలేదు. ఒక్క నూనే 1,035. అయిదుగురికి వండిన అరకిలో చేప ఇచ్చిన శక్తికి రెట్టింపు, ఆ వంటల్లోకి వంచిన నూనె ఇచ్చింది. పులుసు దించాలంటే పైన నూనె తేలాలని మన వంటిళ్ళలో గుర్తు. పులుసు ఉడికిందని చెప్పడానికి అది మంచి గుర్తే. కానీ తేలాల్సిన నూనె 60 గ్రాములే ఉండాలని ఎక్కడా లేదు. చేప ముక్క ఉడకడానికి చింతపండు నీళ్ళు చాలు, నూనె పోపుకే. 60ని 30 చేసినా పులుసు పులుసులాగే ఉంటుంది. ముఖ్యంగా కానాగంతలు, కవ్వళ్ళు వాటంతట అవే కొవ్వున్న చేపలు.

కుండ మొత్తం తెలిశాక పాళ్ళు. పర్యవేక్షణ విభాగంవాళ్ళు ఇక్కడ ఒక చక్కటి కొలత వాడేవాళ్ళు. కూర్చుని పనిచేసే మగమనిషి అవసరాన్ని 1గా తీసుకుంటే, మధ్యరకం కష్టం చేసే మగవాడికి 1.2, బరువు పనివాడికి 1.6. ఆడవాళ్ళలో ఇంటి పట్టునుండేవారికి 0.8, మధ్యరకం కష్టానికి 0.9, బరువు పనికి 1.2. పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు 1. తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకు 0.8. అంతకంటే చిన్నవాళ్ళకు వయసును బట్టి తగ్గుతూ, మూడేళ్ళలోపు పాపకు 0.4.

మన ఇంట్లో తల్లిదండ్రుల పనిని మధ్యరకం కష్టంగా తీసుకుని ఈ లెక్క వేస్తే తండ్రికి 1.2, తల్లికి 0.9, కొడుక్కి 1, కూతురికి 0.8, నానమ్మకు 0.8. మొత్తం 4.7. కుండలోని 5,130ని 4.7తో భాగిస్తే 1,091. అంటే తండ్రి వాటా 1,310, తల్లిది 980, కొడుకుది 1,090, కూతురికీ నానమ్మకూ 870 చొప్పున. ఇంట్లో కూర్చునే స్త్రీకి రోజుకు 1,660 క్యాలరీలని ప్రమాణం. వయసు మీరినకొద్దీ అవసరం ఇంకా తగ్గుతుంది. నానమ్మ ఈ ఒక్క భోజనంతోనే రోజులో సగానికి పైగా తినేసింది. రాత్రికి ఆమెకు తేలికగా పెట్టాలని ఈ లెక్కే చెబుతోంది. పదిహేనేళ్ళ పిల్లాడికి మాత్రం సాయంత్రం ఇంకేదో గట్టిగా పెట్టాలి.

తూకం కోసం పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. వంటింటి తూకం మిషను ఒకటి చాలు. అదీ లేకపోతే పాతకాలపు గిద్ద, సోల, తవ్వ ఇంకా అటక మీద ఉంటాయి. మీ సోలలో ఎన్ని గ్రాముల బియ్యం పడుతుందో వీధి చివర కిరాణా కొట్లో ఒక్కసారి తూయించుకుంటే జన్మంతా పనికొస్తుంది. వండిన అన్నాన్ని కూడా ఒక్కసారి తూస్తే తెలుస్తుంది. 750 గ్రాముల బియ్యం 2 కిలోల 100 గ్రాముల అన్నం అయిందనుకోండి, 100 గ్రాముల అన్నానికి 125 క్యాలరీలు. మీ హస్తం ఒక్కటి నిండా ఎన్ని గ్రాములో చూసుకుంటే ఇక రోజూ తూకం అవసరం లేదు, హస్తాలు లెక్కపెడితే చాలు.

నూనె ప్యాకెట్టే చిట్టా

ఇంత లెక్క కూడా వద్దనుకునేవాళ్ళకు ఇంకో దారి ఉంది. నన్నడిగితే చాలా ఇళ్ళకు ఇదే సరిపోతుంది. బియ్యం, నూనె, పంచదార, ఈ మూడింటినే నెలవారీగా చూడండి. మన ఇళ్ళలో శక్తి ప్రధానంగా వచ్చేది ఈ మూడింటినుంచే. కూరగాయలు ఎంత తిన్నా లెక్కను తారుమారు చెయ్యవు. వంకాయ 100 గ్రాములకు 24 క్యాలరీలు, దాని గురించి కలతపడాల్సిన పనే లేదు. కొబ్బరి, వేరుశనగ మాత్రం ఆ జాబితాలోంచి మినహాయించాలి. వేరుశనగకు 100 గ్రాములకు 500 పైనే, పచ్చి కొబ్బరికి 400 పైనే ఉంటాయి. కొబ్బరి చట్నీని కూరగాయల ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది.

లీటరు నూనె దాదాపు 915 గ్రాములు తూగుతుంది. 8,200 క్యాలరీలకు పైమాటే. నలుగురున్న ఇంట్లో నెలకు 4 లీటర్లు అయిపోతే, తలకు రోజుకు 30 గ్రాములు, 275 క్యాలరీలు. తలకు నెలకు అర లీటరు మించకూడదని డాక్టర్లు చెప్పే మాట అందరూ వినే ఉంటారు. ఆ లెక్కన నలుగురికి 2 లీటర్లే. ప్యాకెట్టు విప్పిన తేదీ దాని మీదే పెన్నుతో రాసి, అయిపోయిన తేదీ చూసుకుంటే మధ్యలో ఏ యాప్ అక్కర్లేదు. ప్యాకెట్టు అబద్ధం చెప్పదు.

అబద్ధం మాట ఎందుకంటే, మనుషులు తాము తిన్నదాన్ని తక్కువగా చెబుతారని శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పుకున్న కొందరిని 1992లో న్యూయార్కులోని ఒక ఆసుపత్రి పరిశోధకులు పరీక్షించారు. ఒంట్లో ఖర్చయిన శక్తిని కొలిచి చూస్తే, వాళ్ళు తిన్నామని రాసిన దానికంటే నిజంగా తిన్నది దాదాపు రెట్టింపు. మోసం చెయ్యాలని కాదు, గుర్తుండదు. కూర రుచి చూసిన గరిటె, పిల్లాడు వదిలేసిన ముద్ద, టీలో రెండోసారి వేసిన చెంచా పంచదార, అన్నంలో కలిపిన ఆవకాయ నూనె ఎవరికీ గుర్తుండవు. చెంచా పంచదార 20 క్యాలరీలు. రోజుకు మూడు టీలు, టీకి రెండు చెంచాలు అంటే 120. ఆవకాయ మీద తేలే నూనె ఒక్క చిన్న చెంచా 45. పంచదార డబ్బా, నూనె ప్యాకెట్టు మాత్రం అన్నీ గుర్తు పెట్టుకుంటాయి.

వేపుళ్ళకు కూడా ఇదే సూత్రం. బాండీలో ఎంత పోశారు, వేయించాక ఎంత మిగిలింది? ఆ తేడానే తిన్నది. అప్పడం నిప్పు మీద కాలిస్తే దానిలో ఉన్న మినప్పిండి శక్తే. నూనెలో వేయిస్తే దాదాపు రెట్టింపు.

నీళ్ళు తూకానికే, శక్తికి కాదు

సల్దికూడు గురించి తప్పకుండా చెప్పాలి. ఒడిశాలో ఏటా మార్చి 20న పఖాళ దినోత్సవం జరుపుకుంటారు. మన తెలుగిళ్ళలో దాన్ని పేదవాడి కూడని చిన్నచూపు చూసి, ఈమధ్య మళ్ళీ ఆరోగ్యమని మొదలుపెట్టారు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి, పొద్దున్న దాకా పులియనిచ్చి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, వేయించిన ఎండు చేప నంజుకుని తింటారు. పెద్ద గిన్నెడు సల్దికూడు తూస్తే అరకిలో ఉండొచ్చు. అందులో సగానికి పైగా నీళ్ళే. యాప్‌లో ‘అన్నం, 500 గ్రాములు’ అని కొడితే 625 చూపిస్తుంది, నిజానికి అందులో సగం కూడా ఉండకపోవచ్చు. కడుపు నిండుతుంది, దాహం తీరుతుంది, ఎండకు ఒళ్ళు తట్టుకుంటుంది. మే నెల గోపాలపూర్ ఎండలో పనిచేసేవాళ్ళకు ఇంతకంటే తెలివైన పొద్దుటి భోజనం నాకు కనిపించదు.

నంజుకున్న ఎండు చేప దీనికి తలకిందులు. తాజా చేప బరువులో ముప్పాతిక వంతు నీరే. ఎండితే ఆ నీరు పోయి, గ్రాముకు శక్తీ మాంసకృత్తులూ రెండు మూడు రెట్లు పెరుగుతాయి. అందుకే చిన్న ముక్క చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ళ కోసం నవంబరు నుంచి మే దాకా 20 కిలోమీటర్ల లోపల వేటకు వెళ్ళకూడదు. ఆ నెలల్లో ఈ ఊళ్ళ కుండలో తాజా చేప తగ్గి ఎండు నెత్తళ్ళు, పప్పు పెరుగుతాయి. ఏడాది పొడవునా ఒకే పట్టిక గోడకు తగిలించి దాని ప్రకారం తినమని వీళ్ళకు చెప్పడం కుదరదు. కుండ మారినప్పుడల్లా లెక్కా మారాలి.

లెక్క తక్కువైన రోజులు

క్యాలరీలు అనగానే ఇప్పుడు అందరికీ తగ్గించుకోవడమే గుర్తొస్తోంది. ఈ తీరంలో లెక్కలు మొదలైంది అందుకు కాదు. 1866 కరవులో ఒడిశాతో పాటు గంజాం కూడా అల్లాడిపోయింది. 1877లో మద్రాసు ప్రెసిడెన్సీని కరవు కాల్చేస్తుంటే, వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ కరవు పనుల్లోని మగ కూలీకి రోజుకు ఒక పౌను గింజలు కొనుక్కోగలిగేంత, దానిపైన అర అణా చాలని కూలి తగ్గించాడు. పౌను అంటే 454 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యూ. ఆర్. కార్నిష్ ఒప్పుకోలేదు. పౌనున్నర గింజలు, దానిపైన పప్పూ కూరలూ లేకపోతే మట్టి మోసే మనిషి బతకడని పోరాడాడు. అప్పటికి క్యాలరీ పట్టికలు లేవు. అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ ఆట్వాటర్ మనిషిని గదిలో కూర్చోబెట్టి ఒంటి వేడిని కొలిచింది ఆ తర్వాత, 1890లలో. పిండిపదార్థానికీ మాంసకృత్తులకూ గ్రాముకు 4, కొవ్వుకు 9 అని మనమంతా ఇవాళ వాడే అంకెలు ఆయనవే. ఆ అంకెలతో వెనక్కి చూస్తే, ఒక పౌను గింజలు 1,600 క్యాలరీలు కూడా కావు. బరువు పనిచేసే మగవాడికి కావాల్సింది 3,470. సగం కూడా పెట్టకుండా పని చేయించారు. కార్నిష్ చెప్పింది నిజమని ఇవాళ ఏ హైస్కూలు పిల్లాడైనా కాగితం మీద చేసి చూపించగలడు.

స్వతంత్రం వచ్చాక కూడా ఈ లెక్క పేదరికం చుట్టూనే తిరిగింది. 1979లో ప్రణాళికా సంఘం నియమించిన బృందం పల్లెల్లో మనిషికి రోజుకు 2,400, పట్నాల్లో 2,100 క్యాలరీలు కొనుక్కోలేనివాళ్ళను పేదలుగా లెక్కించమంది. అప్పటి భయం చాలకపోవడం. ఇప్పుడు ఒకే వీధిలో రెండూ ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద వందలో 24 మంది ఆడవాళ్ళు ఉండాల్సిన దానికంటే బరువున్నారు, దాదాపు 19 మంది ఉండాల్సిన దానికంటే సన్నగా ఉన్నారు.

ఈ రెండూ ఒకే ఇంట్లోనూ ఉండొచ్చు. మన ఇళ్ళలో చివర తినేది వండిన మనిషే. చేప తల, తోక, అడుగున మిగిలిన పులుసు, చారెడు అన్నం ఆమె వాటా. కుండ మొత్తం లెక్కగట్టి అందరి పాళ్ళూ తీసిన రోజున మొదట బయటపడేది ఇదే. పైన చెప్పిన ఇంట్లో తల్లి వాటా 980. పగలంతా గంప మోసి తిరిగిన ఆమెకు నిజంగా అంత అందిందా? గర్భిణి అయితే రోజుకు మరో 350, బిడ్డకు పాలిచ్చే మొదటి ఆర్నెల్లు మరో 600 కావాలని అదే జాతీయ ప్రమాణం చెబుతోంది. పళ్ళెం లెక్కకు ఇది దొరకదు. ఎవరి పళ్ళెం వాళ్ళు చూసుకుంటారు. కుండ లెక్క దగ్గర ఇల్లంతా కనిపిస్తుంది. నాకు ఈ పద్ధతి మీద ఇంత మక్కువ ఉండడానికి అసలు కారణం ఇది.

అంకెకు అందనివి

క్యాలరీ ఒక్కటే చూసుకుంటే మోసపోతామని కూడా ఈ తీరమే నేర్పింది. ఉత్తర సర్కారు కోస్తాలో ఒకప్పుడు బెరిబెరి పీడించేది. కాళ్ళు తిమ్మిరెక్కి, ఒళ్ళు వాచి, గుండె ఆగి జనం చనిపోయేవాళ్ళు. వాళ్ళు తిన్న అన్నంలో శక్తికి కొరత లేదు. మిల్లులో తెల్లగా పాలిషు పట్టిన పచ్చి బియ్యంలో థయామిన్ విటమిన్ పోయింది, అంతే. ఉప్పుడు బియ్యం తినేవాళ్ళను ఆ జబ్బు అంటలేదు. వడ్లను ఉడకబెట్టి ఆరబోసి దంచడంలో ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకిపోతుంది. ఒడియావాళ్ళు ఉసునా అనే బియ్యం అదే. పచ్చి బియ్యానికీ ఉప్పుడు బియ్యానికీ క్యాలరీల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకటి తిన్నవాడు మంచమెక్కాడు, మరొకటి తిన్నవాడు వల లాగాడు.

కాబట్టి క్యాలరీ లెక్క వేసేటప్పుడు, దేన్ని తగ్గించాలో చూసి తగ్గించాలి. నూనె, పంచదార, ఆ తర్వాత బియ్యం తగ్గించాలి. పప్పు, చేప, ఆకుకూర, పెరుగు మీద చెయ్యి వెయ్యకూడదు. ఎదిగే పిల్లలకూ గర్భిణులకూ డాక్టరు చెప్పకుండా తగ్గించే మాటే వద్దు. ఆడపిల్లలు అద్దం ముందు నిలబడి రోజుకు ఇన్నే అని అంకె పెట్టుకుని కడుపు మాడ్చుకుంటుంటే, ఆ ఇంట్లో ఈ లెక్కలు ఆపేసి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళడమే పని. సుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్ళు కూడా అన్నం ఒక్కసారిగా తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడాలి.

ఎంత జాగ్రత్తగా చేసినా ఇంటి లెక్కలో పదో వంతు అటూ ఇటూ పోతుంది. గంజి వారిస్తే కొంత పిండి దానితో వెళ్ళిపోతుంది, ఆ గంజి ఉప్పేసుకుని తాగితే మళ్ళీ ఇంట్లోకే వస్తుంది. చేప ఒక్కో కాలంలో ఒక్కోలా కొవ్వు పడుతుంది. ఫరవాలేదు. మనకు కావాల్సింది మిల్లీగ్రాము కాదు. నెలకు 4 లీటర్లు 3 అయిందా, కుర్చీలో కూర్చునే కొడుకుకు ఒక హస్తం తగ్గిందా, గంప మోసే అమ్మకు ఒక చేప ముక్క పెరిగిందా అన్నది చాలు.

ఈ నెల సరుకులు తెచ్చినప్పుడు బియ్యం ఎన్ని కిలోలు, నూనె ఎన్ని లీటర్లు, పంచదార ఎంత అని క్యాలెండరు మీద రాసి పెట్టండి. ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తారో దాని పక్కనే వాళ్ళ పాలు వెయ్యండి. వచ్చే నెల ఒకటో తారీఖున ఇంటిల్లిపాదీ కలిసి ఒక్కసారి భాగించి చూసుకోండి. వంట చేసే మనిషి పాలు ముందు తియ్యండి.